కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు గారు – పరుగు నేర్చుకునే మనకు ఆయన చూపిన దారి

వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం తప్పకుండా ఉండాలని మా అందరి కోరిక. ఈసారి ఆటల విభాగం తరఫున మేము ఎంచుకున్న మహనీయుడు మన ఉత్తరాంధ్ర గడ్డ మీద పుట్టి దేశదేశాలు తిరిగిన బలశాలి, కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు గారు.

ఆయననే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా చెప్పాలి. మన హాస్టల్లో తెల్లవారుజామునే లేచి పరుగు తీసేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. కొందరికి స్కూల్ గేమ్స్‌లో 100 మీటర్లు, 200 మీటర్లు గెలవాలని ఆశ. కొందరికి రేపు పోలీసు సెలక్షన్లో, ఆర్మీ ర్యాలీలో నెగ్గాలని ఆశ. ఇంటి దగ్గర అమ్మానాన్నలు కూలి పని చేసుకుంటూ మన మీదనే చూపు పెట్టుకుని ఉంటారు కనుక అది మనకు ఆట మాత్రమే కాదు, బతుకుతెరువు కూడా. అయితే మనలో రెండు నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. పరుగెత్తేవాడు బరువులు ఎత్తితే ఒళ్ళు బిగుసుకుపోయి వేగం తగ్గుతుందన్నది మొదటిది. బరువుల సాధన చేయాలంటే పట్నంలో జిమ్ ఉండాలి, నెలనెలా ఫీజు కట్టాలి, అది మనలాంటివాళ్ళకు అందేది కాదన్నది రెండోది. రామ్మూర్తి నాయుడు గారి జీవితం తెలుసుకున్నాక మాకు ఈ రెండు నమ్మకాలూ తప్పేనని తోచింది.

బాల్యం

రామ్మూర్తి నాయుడు గారు 1880ల మొదట్లో వీరఘట్టంలో జన్మించారు. తండ్రి కోడి వెంకన్న నాయుడు గారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఒక పల్లె. 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. మన మాకవరపాలెం కూడా అదే సంవత్సరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.

చిన్నతనంలోనే ఆయన తల్లిని పోగొట్టుకున్నారు. తల్లి లేని పిల్లవాడని తండ్రి గారాబంగా పెంచారు. బడి మీద ధ్యాస తక్కువ, ఆటల మీద ధ్యాస ఎక్కువ. తెల్లవారకముందే లేచి ఊరి చెరువు దగ్గరకు పోయి కసరత్తు చేసేవారని చెబుతారు. పిల్లవాడు చేయి దాటిపోతాడేమోనన్న బెంగతో తండ్రి ఆయనను విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న తన తమ్ముడు నారాయణస్వామి గారి ఇంటికి పంపారు.

ఆ రోజుల్లో విజయనగరం సంగీతానికి, సాహిత్యానికి ఎంత పేరో కుస్తీలకు, సాముగరిడీలకు కూడా అంత పేరు. వీధి వీధికి తాలింఖానా ఉండేది. మట్టి తవ్వి మెత్తగా చేసిన గోదా, పక్కన నాలుగు కర్రగదలు, రెండు మూడు సంగిడి రాళ్ళు ఉంటే చాలు, అదే వ్యాయామశాల. సంగిడి మన ఊళ్ళల్లో పండగలకు, తీర్థాలకు ఇప్పటికీ కనిపిస్తుంది. పట్టు కుదిరేలా చెక్కిన రాయిని తలపైకి ఎత్తడమే ఆ పోటీ. రామ్మూర్తి గారు ఆ వాతావరణంలో పడ్డారు. పినతండ్రి పిల్లవాడి ఇష్టాన్ని కనిపెట్టి వ్యాయామశాలలో చేర్పించారు. దండీలు, బస్కీలు, కుస్తీ, ప్రాణాయామం అన్నీ అక్కడే నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన ఒక్కరోజులో భీముడు కాలేదు. ఇరవై ఒకటో ఏటికి ఒకటిన్నర టన్నుల బరువును రొమ్ము మీద మోసేవారని, తరువాత దానిని మూడు టన్నులకు పెంచారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. అంకెలు అలా ఉంచి, ఆ వరుసను చూడండి. ముందు కొంత, అది అలవాటయ్యాక మరికొంత. ప్రాచీన గ్రీసు దేశంలో మిలో అనే మల్లయోధుడు రోజూ ఒక దూడను భుజాన ఎత్తుకుని తిరిగేవాడట. దూడ పెరిగి ఎద్దయ్యేసరికి అతడు ఎద్దునే మోయగలిగాడని కథ. కథ గ్రీసుదైనా సూత్రం మన తాలింఖానాదే. శరీరానికి మోయగలిగినదానికంటే కొంచెం ఎక్కువ పని ఇచ్చి, విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ కొంచెం పెంచితే కండ, ఎముక, నరం అన్నీ దానికి తగ్గట్టు బలపడతాయి. నేటి క్రీడాశాస్త్రం చెప్పేదీ ఇదే.

వ్యాయామ మాస్టారు

చాలామందికి రామ్మూర్తి గారు సర్కసు వీరుడిగానే తెలుసు. కానీ ఆయన మొదట బడిలో వ్యాయామ మాస్టారు. మద్రాసు వెళ్ళి సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది సర్టిఫికెట్ సంపాదించారు. తిరిగి విజయనగరం వచ్చి తాను చదివిన హైస్కూల్లోనే పిల్లలకు వ్యాయామం నేర్పారు. చిన్నప్పుడు బడి అంటే పెద్దగా ఇష్టపడని మనిషి, తనకు ఇష్టమైన విద్యలో పరీక్ష పాసై అదే బడికి ఉపాధ్యాయుడై వచ్చారు. బలం ఆయనకు తాలింఖానా ఇచ్చింది, ఉద్యోగం మాత్రం సర్టిఫికెట్టే ఇచ్చింది. ఆటలుంటే చదువెందుకు అని మనలో ఎవరైనా అనుకుంటే ఈ ఒక్క సంగతి గుర్తు చేసుకోవాలి.

ఆ కాలం మరొక రకంగా కూడా ముఖ్యమైనది. భారతీయులు బలహీనులు, పాలించడానికి పనికిరారు అని తెల్లవారు చులకన చేసే రోజులవి. యూజీన్ శాండో అనే జర్మనీ బలశాలి 1904–05లో మన దేశం వచ్చి ప్రదర్శనలిస్తే జనం విరగబడి చూశారు. మనవాళ్ళలో అంతటి బలవంతుడు లేడా అన్న ప్రశ్న అప్పుడు చాలామందికి కలిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా నిలిచినవారిలో మన రామ్మూర్తి గారు ఒకరు. అందుకే ఆయనను ఇండియన్ శాండో అని కూడా పిలిచారు.

సర్కసు డేరాలో

మిత్రుడు పొట్టి పంతులు గారి సహకారంతో ఆయన విజయనగరంలో సర్కసు కంపెనీ పెట్టారు. ఊరూరా తిరిగారు. ఉక్కు గొలుసును రొమ్ముకు, భుజాలకు చుట్టించుకుని ఊపిరి బిగబట్టి తెంపేవారు. రెండు కార్లకు కట్టిన గొలుసులను పట్టుకుని అవి కదలకుండా నిలిపేవారు. రొమ్ము మీద చెక్క పరిపించుకుని దానిపై ఏనుగును ఎక్కించుకునేవారు.

1905 నుంచి 1910 వరకు వైస్రాయిగా ఉన్న లార్డ్ మింటో విశాఖపట్నం వచ్చినప్పుడు ఆయన బలాన్ని స్వయంగా పరీక్షించారని ప్రసిద్ధి. కారును వైస్రాయే నడిపారు, వెనుక గొలుసు పట్టుకుని రామ్మూర్తి గారు నిలబడ్డారు, కారు ముందుకు కదలలేదు అని చెబుతారు.

పరుగెత్తేవాళ్ళమైన మాకు ఈ కారు సంగతే అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. కారును ఆపేది చేతులు అనుకుంటాం. చేతులు గొలుసును పట్టుకుంటాయి, అంతే. అసలు పని నేలను తన్ని పెట్టిన పాదాలది, తొడలది, పిరుదులది, బిగించిన నడుముది. మనిషి నేలను ఎంత బలంగా నెడితే నేల మనిషిని అంత బలంగా తిరిగి నెడుతుంది. ఇది మనం ఫిజిక్స్‌లో చదువుకునే న్యూటన్ మూడో సూత్రమే. స్టార్టింగ్ గీత దగ్గర నుంచి లేచే స్ప్రింటర్ చేసే పని కూడా ఇదే. రామ్మూర్తి గారు కదలకుండా నిలవడానికి నేలను నెట్టారు, మనం ముందుకు దూకడానికి నెడతాం. తేడా ఏమిటంటే మనకు సమయం చాలా తక్కువ. పూర్తి వేగంలో ఉన్న స్ప్రింటర్ పాదం నేలను తాకి ఉండేది దాదాపు సెకనులో పదో వంతు మాత్రమే. ఆ రెప్పపాటులో శరీర బరువుకు ఎన్నో రెట్ల బలం నేల మీద పడుతుంది. అమెరికా శాస్త్రవేత్తలు 2000 సంవత్సరంలో ప్రచురించిన ఒక పరిశోధనలో, వేగంగా పరుగెత్తేవారికి, నెమ్మదిగా పరుగెత్తేవారికి ముఖ్యమైన తేడా కాళ్ళను గాలిలో ఎంత తొందరగా ఆడిస్తారన్నదాంట్లో లేదని, నేలను ఎంత బలంగా తన్నుతారన్నదాంట్లో ఉందని తేలింది. బలం పెరిగితే వేగం తగ్గుతుందన్న మన నమ్మకానికి ఇదే జవాబు. అందుకే నేడు ప్రపంచంలోని పెద్ద స్ప్రింటర్లందరూ ట్రాకు మీద ఎంత శ్రద్ధగా ఉంటారో బరువుల గదిలోనూ అంత శ్రద్ధగా ఉంటారు. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లో, 2025లో ఆసియా ఛాంపియన్ అయింది. ఆమెది కూడా పేద ఇల్లే.

అయితే ఒళ్ళు బరువెక్కడం వేరు, బలం పెరగడం వేరు. చూపు కోసం కండలు పెంచేవాడి సాధన ఒక రకం, పరుగు కోసం చేసే సాధన ఇంకొక రకం. మనకు కావలసింది తక్కువ సార్లు, మంచి పద్ధతిలో, పైకి లేచేటప్పుడు చురుకుగా చేసే సాధన.

దేశదేశాల కీర్తి

రామ్మూర్తి గారి కీర్తి దేశమంతా పాకింది. పూనాలో లోకమాన్య తిలక్ గారు ఆయనను మెచ్చి మల్ల మార్తాండ అనే బిరుదు ఇచ్చారు. అలహాబాదులో పండిట్ మదనమోహన మాలవీయ గారు ఆయన ప్రదర్శన చూసి, మన దేశ బలాన్ని విదేశాలకు చూపించాలని ప్రోత్సహించారు. ఆయన లండన్ వెళ్ళారు. అక్కడ ఐదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన ప్రదర్శనను తిలకించి సత్కరించారు. ఇండియన్ హెర్క్యులిస్ అన్న పేరు వచ్చింది. స్పెయిన్ దేశంలో ఎద్దుల పోరుకు పిలిస్తే, కత్తి లేకుండా ఎద్దు కొమ్ములు పట్టుకుని నిలిపారని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత తిరిగినా ఆయన శాకాహారిగానే ఉన్నారని, వేకువన లేవడం, ప్రాణాయామం, హనుమంతుని పూజ విడిచిపెట్టలేదని అంటారు. పెళ్ళి చేసుకోలేదు. చేతికి వచ్చిన డబ్బును దానధర్మాలకు ధారాళంగా ఇచ్చారు.

మాకు ఆయన బిరుదులకంటే గొప్పగా తోచినది మరొకటి ఉంది. ఆయన తన విద్యను దాచుకోలేదు. బెంగాలుకు చెందిన భవేంద్రమోహన్ సాహా అనే యువకుడు ఇల్లు విడిచి వచ్చి ఆయన సర్కసులో చేరి శిష్యుడయ్యాడు. తరువాత అతడే భీమ్ భవానీ అనే పేరుతో పెద్ద బలశాలి అయ్యాడు. తెలుగు మాస్టారు దగ్గర బెంగాలీ కుర్రవాడు భీముడయ్యాడంటే మనకు గర్వకారణం కాదా!

గాయం, చివరి రోజులు

బలశాలి జీవితంలో విజయాలే చెప్పి ఊరుకుంటే అది సగం చరిత్రే అవుతుంది. విదేశాల్లో ఒక ప్రదర్శనలో ఏనుగు ఎక్కిన చెక్క విరిగి ఆయన పక్కటెముకకు దెబ్బ తగిలిందని, శస్త్రచికిత్స చేయించుకుని నెలల తరబడి విశ్రాంతి తీసుకున్నారని చెబుతారు. ఏనుగు బరువును మోసేది మనిషి కండ ఒక్కటే కాదు. చెక్క ఆ బరువును రొమ్ము అంతటా పరిచి, కొంత నేలకు పంపుతుంది. ఆ చెక్క విరిగితే బరువంతా ఒకచోట పడుతుంది. ఎంతటి బలవంతుడికైనా పరికరం సరిగా లేకపోతే ముప్పే.

తరువాత కాలికి పుండు లేచి ముదిరి, కాలు తీసివేయవలసి వచ్చింది. మత్తుమందు తీసుకోకుండా ప్రాణాయామం చేస్తూనే ఆ బాధ ఓర్చుకున్నారని చెప్పుకుంటారు. కార్లను ఆపిన మనిషికి నేల మీద నిలబడే కాలే పోయింది. సర్కసు పోయింది, సంపాదన పోయింది. ఒడిశాలోని బలంగీర్ ప్రాంతంలో ఉంటూ 1942లో కన్నుమూశారు.

నేడు విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆ జిల్లా నుంచే వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమె. ఈ నేలలో ఆ విత్తనం చావలేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మనం నేర్చుకోవలసినవి

ఆయన జీవితం నుంచి పరుగెత్తేవాళ్ళం ఏమి తీసుకోవాలో మేము కూర్చుని మాట్లాడుకున్నాం. అందరికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది, సాధనకు జిమ్ అక్కరలేదు. మన ఒంటి బరువే మన మొదటి బరువు. బస్కీలు, దండీలు, ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచి లేవడం, మెట్టు మీదకు ఒక్కో కాలితో ఎక్కడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపడం. ఈ ఆరూ సరిగా చేస్తే తొడ ముందు కండ, తొడ వెనుక కండ, పిరుదులు, పిక్కలు, నడుము అన్నిటికీ పని పడుతుంది. స్ప్రింటర్లకు తరచుగా పట్టేసేది, చిరిగేది తొడ వెనుక కండే. దాన్ని బలపరచుకోకుండా పరుగు మాత్రమే పెంచుకుంటూ పోతే సరిగ్గా సెలక్షన్ ముందే కాలు పట్టుకుని కూర్చోవలసి వస్తుంది. మన అన్నలలో కొందరికి అలా జరిగింది కూడా.

రెండోది, దూడను ఎత్తినట్టు పెంచాలి. మొదటి నెల వట్టి ఒంటితో చేయాలి. పద్ధతి కుదిరాక స్కూలు బ్యాగులో నాలుగు పుస్తకాలు పెట్టి వీపుకు తగిలించుకోవచ్చు. తరువాత సంచిలో ఐదు కిలోల ఇసుక పోసుకోవచ్చు. తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు ఇంటర్ అన్నలతో పోటీకి దిగకూడదు. ఎవరి దూడ వారిది.

మూడోది, విశ్రాంతి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు వదిలి చేస్తే చాలు. కండ పెరిగేది పని చేసేటప్పుడు కాదు, తిని నిద్రపోయేటప్పుడు. పోటీకి ముందు రోజు కాళ్ళ కసరత్తు జోలికి పోకూడదు. హాస్టల్లో పెట్టే గుడ్డు, పాలు, పప్పు వదలకుండా తినాలి. గుడ్డు తినని వాళ్ళు పప్పు, శనగలు, పల్లీలు ఇంకొంచెం తినాలి. రామ్మూర్తి గారు శాకాహారంతోనే అంత బలం సంపాదించారు కదా!

నాలుగోది, ఊపిరి. రామ్మూర్తి గారు ఊపిరి బిగబట్టి గొలుసులు తెంపారని మనం అలా చేయకూడదు. ఏళ్ళ తరబడి గురువు దగ్గర చేసిన సాధన అది. బరువుతో కిందికి దిగేటప్పుడు గాలి పీల్చి, లేచేటప్పుడు వదలాలి. కళ్ళు తిరిగినా, కీలులో పోటు వచ్చినా వెంటనే ఆపి పి.ఇ.టి. మాస్టారికి చెప్పాలి. గొలుసులు, చెక్కలు, వాహనాలతో సాహసాలు ఎవరూ ప్రయత్నించవద్దని చిన్న తమ్ముళ్ళకు గట్టిగా చెబుతున్నాం.

ఐదోది, బలం పరుగుకు తోడు మాత్రమే, పరుగుకు బదులు కాదు. స్టార్టులు, చిన్న చిన్న వేగపు పరుగులు, గట్టు ఎక్కే పరుగులు మానకూడదు. ముందు పరుగు, తరువాత బలసాధన. పెరిగిన బలాన్ని వేగంగా మార్చేది ట్రాకే.

చివరగా ఒక్క మాట. రామ్మూర్తి నాయుడు గారి దగ్గర నుంచి కాలం కాలును తీసుకుంది, సంపదను తీసుకుంది. ఆయన నేర్పిన విద్యను మాత్రం తీసుకోలేకపోయింది, ఎందుకంటే అది అప్పటికే శిష్యులకు చేరిపోయింది. మన పూర్వ విద్యార్థులైన అన్నలలో పోలీసులు ఉన్నారు, సైనికులు ఉన్నారు, మాస్టార్లు ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చిన రోజున ఒక పూట ముందుగా వచ్చి, గ్రౌండులో మాకు స్టార్టు ఎలా తీసుకోవాలో, బస్కీ ఎలా తీయాలో చూపించి వెళ్ళమని ఈ సంచిక ద్వారా వారిని కోరుతున్నాం. వారి దగ్గర మేము నేర్చుకుంటాం, మా తరువాత వచ్చే తమ్ముళ్ళకు మేము నేర్పుతాం. ఆ వ్యాయామ మాస్టారికి మనం చేయగలిగిన నిజమైన నివాళి అదే.

– క్రీడా విభాగం విద్యార్థులు, సాంఘిక సంక్షేమ వసతి గృహం, మాకవరపాలెం